తాంబాళం రాని ప్రయాణం

వ్యాను ఆరున్నరకు రావాలి. ఆరు యాభై అయిదుకు వచ్చింది. అంతసేపూ మదనపల్లెలో మా వీధి మొదట మూడు గిన్నెల క్యారియరు పట్టుకుని నిలబడ్డాను. కింది రెండు గిన్నెల్లో నిమ్మకాయ చిత్రాన్నం, పై గిన్నెలో వడియాలు. ఫిబ్రవరి రెండో ఆదివారం. చలి ఇంకా పోలేదు.

ఎక్కగానే నేను చూసింది సీట్లను కాదు, వెనక సామాన్లు పెట్టే చోటును. నీళ్ళ క్యాన్లు, రెండు చాప చుట్టలు, ఎవరిదో అట్టపెట్టె కనిపించాయి. తాంబాళం మాత్రం లేదు.

"తాంబాళం యాడమ్మా?" అని అడిగాను.

మా క్లబ్బు కొత్త అధ్యక్షురాలు ముందు సీట్లోంచి వెనక్కు తిరిగింది. "అది యాల మేడమ్, అంత బరువు? ఎవురి బాక్సు వాళ్ళు తెచ్చుకున్నారు కదా. ఎవురిది వాళ్ళు తింటే సరిపోతాది."

"చిత్రాన్నమే కదా అందురూ తెచ్చింది?"

"చిత్రాన్నమే, చిత్రాన్నమే. కూర్చోండి మేడమ్, ఇప్పటికే లేటయిపోయింది."

కూర్చున్నాను. వ్యాను పుంగనూరు రోడ్డు ఎక్కింది. ఆ తాంబాళం సంగతి చెప్తే గానీ ఆ రోజు నాకు ఎందుకంత గుబులు పట్టిందో అర్థం కాదు.

మాది కలకడ దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. చెనిక్కాయ చేలల్లో కలుపు తీసే రోజుల్లో చేను గలామె మధ్యాహ్నం గట్టు మీదికి సంగటి తెచ్చేది. ముద్దను పైనుంచి జారవిడిచేది. అది మా దోసిట్లో పడేది, ఆమె వేళ్ళు మాత్రం మాకు తగిలేవి కావు. ఎన్నడూ గురి తప్పలేదు. నేను చదువుకున్నాను, ఖజానా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ముప్పై రెండేళ్ళు జీతాల బిల్లులు చూశాను. బిల్లులో పైసా తేడా ఉన్నా నా చేతి నుంచి దాటిపోదని పేరు. రిటైరై మదనపల్లెలోనే ఉండిపోయాను.

పదకొండేళ్ళ కిందట ఒక శనివారం పొద్దున తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చి టౌనులో స్థిరపడిన ఒక పెద్దావిడ మా ఇంటి తలుపు కొట్టింది. చాలా భూములున్న కుటుంబం. ఆడవాళ్ళకని ఒక క్లబ్బు పెడుతున్నామనీ, పొద్దున నడక, నెలకొక మీటింగు, ఏడాదికొక ట్రిప్పు ఉంటాయనీ, లెక్కలు చూడ్డానికి నమ్మకమైన మనిషి కావాలనీ చెప్పింది. "నీ మాదిరి మనిషి మాకు దొరకదు పాపా" అంది. నాకు అప్పుడు యాభై ఎనిమిది నిండాయి. ఆ వయసులో నన్ను పాపా అన్న మనిషి మరొకరు లేరు. కాఫీ కలిపి తెచ్చాను. శనివారం ఒక్కపొద్దని తాగలేదు. ఏమీ అనుకోలేదు నేను. ఒక్కపొద్దులు మా అమ్మ కూడా ఉండేది.

అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు. క్లబ్బులో చేరినవాళ్ళంతా దాదాపు ఆమె వైపు వాళ్ళే. వాళ్ళు ఒకరినొకరు అక్కా, వదినా, పిన్నమ్మా అని పిలుచుకునేవాళ్ళు. నన్ను మేడమ్ అనేవాళ్ళు. ఆఫీసర్ని కదా, మర్యాద అనుకున్నాను.

మొదటి ట్రిప్పుకు పెద్దమ్మ ఒక పద్ధతి పెట్టింది. అందరూ ఇంటి నుంచి నిమ్మకాయ చిత్రాన్నమే తేవాలి, వేరే అన్నం ఏదీ తేకూడదు. బండి చక్రమంత ఇత్తడి తాంబాళంలో అందరి అన్నమూ పోయాలి, పెద్దమ్మ తన చేత్తో కలపాలి, తనే వడ్డించాలి. గరిటె మరొకరు పట్టుకోకూడదు. "ఈడ ఎవురి కూడు ఎవురిదో తెలీకూడదు. తెలిస్తే అది క్లబ్బు కాదు" అనేది. నన్ను తన కుడి పక్కన కూర్చోబెట్టుకునేది. "ఈ పక్క రా పాపా, ఈడ కూర్చో." ఆ రోజు మొదటి గరిటె ఆమె నా పళ్ళెంలో వేసింది. గట్టు మీద దోసిలి పట్టిన మా అమ్మ చూడాల్సిన రోజు అనుకున్నాను.

ఇంకొక సంగతి. వాళ్ళంతా చిత్రాన్నంలో చెనిక్కాయ విత్తనాలు వేయించి, నలిపి, పొట్టు ఊదేసి వేస్తారు. నేను పొట్టు తీయను. మా ఇంట్లో తీసే అలవాటు లేదు. పొట్టుతో వేగితేనే ఆ కమ్మదనం. అందుకని తాంబాళంలో అందరి అన్నం కలిసిపోయినా నా విత్తనాలను నేను గుర్తుపట్టేదాన్ని. ప్రతి ట్రిప్పులోనూ నా పళ్ళెంలోకి ఎర్రగా పొట్టుతో ఉన్న విత్తనాలు వచ్చేవి. వెతుక్కుని తినేదాన్ని. మా ఇంటి రుచి తిరిగి నా దగ్గరికే వచ్చిందని ముచ్చటపడేదాన్ని. పెద్దమ్మ చూసి నవ్వేది. "నీది నీకు దొరికిందిలే పాపా."

పోయిన కార్తీకంలో పెద్దమ్మ పోయింది. ఏడ్చాను. ఆమె కోడలు అధ్యక్షురాలైంది. ఆమె పెట్టిన మొదటి ట్రిప్పే ఇది. తిరుమల కొండకు పోదామని కొందరు, బెంగుళూరులో చీరలకు పోదామని కొందరు అన్నా ఆమె వినలేదు. కుప్పంలో పాత గ్రానైటు పాలిషింగు షెడ్డులో ట్రాంపొలిన్ పార్కు పెట్టారట, ఎగిరి దూకే ఆటలట, అక్కడికే అంది.

పుంగనూరులో ఇంకొకామె ఎక్కింది. చీరల కొట్టు ఉంది ఆమెకు. మంచి మనిషే కానీ నోటికి అడ్డు లేదు. ఎక్కుతూనే వ్యానంతా కలయజూసి, "ఏమక్కా, అందురూ చీరల్లోనే ఉండారే! ఎగిరితే కుచ్చిళ్ళు పైకి, మనం కిందికి" అంది. ఆమె మాత్రం కూతురి ప్యాంటు వేసుకుని పైన తన పాత జాకెట్టంత బిగుతైన కుర్తా తొడుక్కుంది.

"నువ్వు ఎగిరితే షెడ్డు పైకప్పు లేచిపోతాది వదినా" అన్నారెవరో వెనకనుంచి.

"లేస్తే లేస్తాది. గ్రానైటు మోసిన షెడ్డు, నన్ను మోయలేదా?"

నవ్వులతోనే పలమనేరు దాటింది. నేనూ నవ్వాను. కానీ మనసు వెనక ఆ ఖాళీ చోటులోనే ఉంది. తాంబాళం బరువని తేలేదా, లేకపోతే ఇంకేదన్నా కారణమా? ఒక మనిషి చచ్చిపోతే ఆమె పెట్టిన పద్ధతి కూడా చచ్చిపోతుందా? ఈ క్లబ్బులో నేను పదకొండేళ్ళు కూర్చున్నది నా చోటా, పెద్దమ్మ ఇచ్చిన చోటా? ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలిపోతుందని నాకు అనిపించింది.

కుప్పం చేరేటప్పటికి పది దాటింది. షెడ్డు బయట ఇంకా గ్రానైటు పలకల తుంపులు పడి ఉన్నాయి. లోపలంతా రంగు రంగుల దిండ్లు, చెవులు పగిలే పాటలు. అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్ళు ఇచ్చారు. చేతికి పచ్చ కాగితపు పట్టీ కట్టారు. పార్కు మేనేజరు మమ్మల్ని చూసి బెదిరిపోయాడు.

"అమ్మా, అరవై దాటినోళ్ళు ఆ సోఫాలో కూర్చోండి."

"అరవై దాటినోళ్ళు యాడుండారప్పా ఈడ?" అంది పుంగనూరు ఆమె. "అందురం యాభై తొమ్మిదే. కావాలంటే మా మేడమ్‌ను అడుగు, ఆమె లెక్కల్లో తప్పు రాదు."

అతను నా వైపు చూశాడు. నాకు అరవై తొమ్మిది. "యాభై తొమ్మిదేనప్పా" అన్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేను తప్పు అంకె చెప్పింది ఆ ఒక్కసారే. అందరూ చప్పట్లు కొట్టారు. నా మనసు కాస్త తేలికైంది.

ఎగరడం అనుకున్నంత కష్టం కాదు. నల్లటి వల మీద నిలబడి మోకాళ్ళు కొంచెం వంచితే చాలు, అదే విసిరేస్తుంది. నేను జానెడు ఎత్తుకు మించి పోలేదు. పక్క వల మీద పుంగనూరు ఆమె ఎగిరినప్పుడల్లా "గోవిందా" అని అరుస్తోంది. కోడళ్ళ తగాదాలు, మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి మా వాళ్ళంతా ఇస్కూలు వదిలిన పిల్లల్లా అరిచారు. నిజం చెప్పాలి, నాకు సంతోషంగానే ఉంది.

ఆ చివర ఒక పెద్ద గుంత ఉంది. నిండా స్పాంజి ముక్కలు. పైనుంచి అందులోకి దూకాలి. దూకడం సులువే, బయటికి రావడమే తెలియదు ఎవరికీ. అధ్యక్షురాలు ముందుగా దూకింది, నడుము దాకా కూరుకుపోయింది. ముందు నవ్వింది. కాలు పైకి తీయబోతే రెండో కాలు ఇంకా లోపలికి పోయింది. పట్టుకోబోయిన ముక్క చేతిలోకి ఊడివచ్చింది. నవ్వు ఆగిపోయింది. చీర మోకాళ్ళ పైకి లేచిపోయి ఉంది. పార్కు మనిషి గుంతలోకి దిగబోయాడు.

"వద్దప్పా, నువ్వు రావద్దు! నువ్వు రావద్దు!" అని అరిచింది. అందరి ముఖాలూ వెతికి, గుంత అంచున ఉన్న నన్ను చూసింది. "మేడమ్! మీరు రాండి మేడమ్, సేయి ఇయ్యండి!"

అంచు మీద బోర్లా పడుకుని రెండు చేతులూ చాపాను. పట్టుకుంది. పుంగనూరు ఆమె నా కాళ్ళు పట్టుకుని వెనక్కు లాగింది. అధ్యక్షురాలు పైకి వచ్చీ రాకుండానే నా మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది. ఆమె చెంప నా చెంపకు అంటుకుంది. ఆమె చెమట నా కళ్ళలో పడి మండింది.

"మీరు లేకుంటే నా గతి ఏమయ్యుండునో మేడమ్" అని నన్ను వదలకుండా వగర్చింది. ఎవరో ఫోటో తీశారు.

ఆ క్షణంలో నా గుబులంతా పోయింది. తాంబాళం బరువే అయ్యుంటుంది, నేనే ముసలిదాన్ని, లేనిపోనివి లెక్కలు కట్టుకున్నాను అనుకున్నాను.

పార్కులోకి బయటి తిండి రానివ్వరు. తిరుగు దారిలో వెంకటగిరికోట దాటాక ఒక సభ్యురాలి బంధువుల మామిడితోటలో వ్యాను ఆపారు. పూత బాగా వచ్చింది ఆ ఏడు. చాపలు పరిచారు. తాంబాళం ఉండి ఉంటే అందరం ఒకే చుట్టుగా కూర్చునేవాళ్ళం. లేదు కాబట్టి ముగ్గురూ నలుగురూ జతలై కూర్చున్నారు. నేను ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. తన కుడి పక్కకు రమ్మనే మనిషి లేదు. ఒక చాప చివర కూర్చుని క్యారియరు విప్పాను.

"ఇది రుచి సూడక్కా, ఉప్పు తగ్గింది."

"నీది కొంచెం ఇట్ల ఏయి వదినా, మీ ఇంట్లో నిమ్మకాయ పులుపే పులుపు."

చంచాలు అటూ ఇటూ పోతున్నాయి. ఒక చాప మీది అన్నం ఇంకో చాప మీదికి నడుస్తోంది. నా వైపు ఏ చంచా రాలేదు. సరే, పెద్దదాన్ని, నేనే లేస్తే ఏం పోయింది అనుకున్నాను. ఒక అన్నం గిన్నె, దాని మీద వడియాల గిన్నె పట్టుకుని లేచాను.

"కొంచెం ఏసుకోండమ్మా."

"వద్దు మేడమ్, నాకు సుగరు." ఆమె పళ్ళెంలో సగం తిన్న బెల్లం ఓళిగ ఉంది.

"నేను అన్నం మానేసినాను మేడమ్, డాక్టరు వద్దన్యాడు." ఆమె కుడిచేతికి పసుపు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

అధ్యక్షురాలి దగ్గరికి వచ్చాను. అప్పుడే పళ్ళెం ముందు పెట్టుకుంది. గంటన్నర కిందట నా మెడ పట్టుకున్న చేతులే అవి. "అయ్యో మేడమ్, కడుపు నిండిపోయింది" అంది. నేను అక్కడే నిలబడి ఉండడం చూసి, పై గిన్నెలోంచి ఒక వడియం తీసుకుంది. వడియం అన్నం కాదు కదా.

గిన్నె తీసుకుపోయిన బరువుతోనే తిరిగి తెచ్చుకున్నాను.

పుంగనూరు ఆమె అది చూసింది. తన పళ్ళెం తీసుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. నన్ను ఓదార్చాలనే వచ్చింది, అందులో అనుమానం లేదు.

"మీరేం అనుకోగాకండి మేడమ్. ఈ కోడలు యమ్మికి తెలివి లేదు. తాంబాళం తెచ్చింటే ఈ గోలే లేదు. పెద్దమ్మ అయితే ఎవురికీ తెలీకుండా సర్దేది."

"ఏం సర్దేది?"

"అదే మేడమ్. మీది కడాకు, అందురిదీ అయినాక, పోయించేది కదా, ఆ కుడి పక్కన. ఆ పక్క కలిపినట్ల కలిపి, కలపకుండా వదిలేది. మీకు ఆ పక్కనుంచే పెట్టేది, మాకందరికీ ఈ పక్కనుంచి. ఎవురికీ బాధ లేదు, ఎవురికీ కోపం లేదు. ఆ యమ్మ చెయ్యి ఆ యమ్మదే."

నేను నా గిన్నెలోకి చూశాను.

"మీకు తెలుసు కదా?" అంది. నా ముఖం చూసింది. చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారిపోయింది. "మీకు తెలుసనే అనుకుంటిమి మేడమ్. మా పళ్ళేల్లోకి ఒక్క పొట్టు విత్తనమన్నా వచ్చింటే కదా..."

అక్కడితో ఆపేసింది. ఆమె నోరు దానంతట అది ఆగడం నేను మొదటిసారి చూశాను. కొంచెంసేపు కూర్చుని, నా మోకాలి మీద చెయ్యి వేసి తీసి, తన చాప మీదికి పోయింది. ఆమె కూడా నా అన్నం వేసుకోలేదు.

లెక్క ఎంత చిన్నది! మేము ఇరవై రెండు మందిమి. ఇరవై రెండు ఇళ్ళ అన్నం నిజంగా కలిస్తే నా పళ్ళెంలో నాది ఇరవై రెండో వంతే ఉండాలి. పొట్టు విత్తనం ఒకటో రెండో తగలాలి. నా పళ్ళెం నిండా అవే ఉండేవి. పొట్టు తీసిన విత్తనం నా పంటికి తగిలిన గుర్తే లేదు. మూడో తరగతి పిల్లకు ఇచ్చినా చేసే లెక్క. ముప్పై రెండేళ్ళు ఇతరుల బిల్లులు పట్టుకున్నదాన్ని, పళ్ళెంలో పెట్టిన బిల్లు చదవలేకపోయాను. చదవలేకపోయానా? ముచ్చటపడ్డాను.

ఒక లెక్క తప్పని తేలితే మిగతావి వాటంతట అవే తేలతాయి. పెద్దమ్మ మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. తేదీలు నాకు గుర్తే. మూడూ శనివారాలే.

చేను గలామె నయం. పైనుంచి జారవిడిచేది, ఎందుకు జారవిడుస్తోందో మాకు తెలిసేది. మా అమ్మ ఇంటికి వచ్చి నాలుగు తిట్లు తిట్టుకునేది, ఆ పూటకు మనసు కడుక్కునేది. నన్ను పాపా అని, పక్కన కూర్చోబెట్టుకుని, నా కూడే నాకు గౌరవంగా వడ్డించిన మనిషిని ఏమని తిట్టను? ఆమె వాళ్ళ బాధ చూసింది, నా బాధ కూడా చూసింది. తన గరిటెతో రెండూ సర్దింది. నన్ను అడిగి ఉంటే నేను ఆ చాప మీదికి వచ్చేదాన్నే కాదు. అందుకే అడగలేదు. ఆమె కోసం కార్తీకంలో కార్చిన కన్నీళ్ళు ఎవరి కోసం కార్చానో ఇప్పుడు చెప్పలేను.

వ్యాను బయల్దేరింది. పుంగనూరు ఆమె నాకు దూరంగా, ముందు సీట్లో కూర్చుని అధ్యక్షురాలి చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో గానీ, పుంగనూరులో ఆమె దిగిపోయాక అధ్యక్షురాలు లేచి వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది.

"మేడమ్, ఒక మాట. అత్తమ్మ తాంబాళం మా ఇంట్లో ఊరికే పడుండాది. మీరంటే ఆ యమ్మకు ప్రాణం. ఆ యమ్మ గుర్తుగా మీరే పెట్టుకోండి. రేపు డ్రైవరుతో పంపిస్తాను."

ఆమె ముఖంలో నిజంగానే జాలి ఉంది. అదే నేను ఓర్చుకోలేకపోయాను.

"యాల తల్లీ" అన్నాను. "దాంట్లో నాది ఒక పక్కే కదా. ఆ పక్క ఒకటీ కోసి ఇయ్యడానికి అయితాదా?"

వెనక సీట్లో ఎవరో దగ్గారు. అధ్యక్షురాలు తన చేతిలోని ఫోను వైపు చూసుకుంది. "లెక్కలు మాత్రం మీరే సూడాల మేడమ్. మీ మాదిరి ఎవురూ సూడలేరు" అంది.

"మార్చి ఆఖరుకు అప్పజెప్తాను. మీ వాళ్ళల్లో ఎవురినన్నా సూసుకోండి."

"మా వాళ్ళు అంటారేంది మేడమ్?" అంది నొచ్చుకుని. నేను కిటికీ వైపు తిరిగాను. ఆమె రెండోసారి అడగలేదు.

ఇల్లు చేరేటప్పటికి దీపాలు పెట్టే వేళైంది. ఫోను మోగింది. గ్రూపులో స్పాంజి గుంత ఫోటో వచ్చింది. ఆమె నా మెడకు వేలాడుతోంది, నేను బోర్లా పడి నవ్వుతున్నాను. చూసిన వాళ్ళు అక్కాచెల్లెళ్ళు అనుకుంటారు. దాని కింద వరసగా ఎర్ర గుండెలు పెడుతున్నారు.

క్యారియరు విప్పాను. రెండు గిన్నెలూ పొద్దున నేను సర్దినట్టే ఉన్నాయి. చెడిపోలేదు. నిమ్మకాయ అన్నం ఒక పగలు ఆగుతుంది. కూలికి పోయినవాళ్ళ ఇళ్ళల్లో అన్నం పారెయ్యరు. పళ్ళెంలో పెట్టుకున్నాను. ఎర్రటి పొట్టుతో విత్తనాలు పైకి తేలాయి. అదంతా నాదేనని తెలిసి తినడం అదే మొదలు.

రుచిలో తేడా ఏమీ లేదు. పదకొండేళ్ళుగా వాళ్ళ మధ్య కూర్చుని తిన్నదే.